బండి వేడెక్కేదాకా

మా మేనమామ పోయాడు. తెల్లవారుతుండగా అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయినాడు మే. మంచంలోనే పోయినాడు, నిద్దట్లోనే" అంది. మంచం మాట మళ్లీ మళ్లీ అంది. ఆ ఏడుపు మధ్యలో నాకొక చిన్న ఊరట వినిపించింది. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు బస్సులో పోతూ దారి పొడవునా దాని గురించే ఆలోచించాను. మంచంలో పోవడం ఎవరింట్లోనైనా మామూలు సంగతే. మా అత్త మాత్రం దానికోసం ఎన్నో ఏళ్లు మొక్కుకుంది.

మామ డ్రైవర్. ఎవరి దగ్గర అంటే పేరు చెప్పను. చెబితే మా జిల్లాలో సగం మందికి నా మీద కోపం వస్తుంది, మిగతా సగం సంబరపడతారు. రెండూ నాకు అక్కర్లేదు. ప్రొద్దుటూరులో పెద్ద ఇల్లు, చుట్టూ పల్లెల్లో భూములు, జమ్మలమడుగు కోర్టులో కేసులు, ఎన్నికలొస్తే టికెట్టు. ఇంత చెబితే చాలు. ఆ ఇంటాయన్ను మేము పెద్దాయన అనేవాళ్లం. ఆయన పోయాక కొడుకును చిన్నాయన అన్నాం. మామ ఇద్దరి బళ్లూ తోలాడు.

అమ్మవాళ్లది తొండూరు దగ్గర పల్లె, గొర్లు కాచుకునే ఇల్లు. మామ ఒక్కడే గొర్ల వెంట పోనని మొండికేసి ప్రొద్దుటూరు చేరి, లారీ క్లీనరై, తర్వాత డ్రైవరై, ఎవరి సిఫారసుతోనో పెద్దింట్లో కుదిరాడు. కారు తోలే కొడుకును చూసి మా తాత మురిసిపోయాడట. పాపం ఆయనకేం తెలుసు.

ప్రొద్దుటూరులో డిగ్రీ చదివినన్నాళ్లూ నేను మామ ఇంట్లోనే ఉన్నాను. కక్షలు బాగా రగులుతున్న కాలం. చీకటితోనే మామ పెద్దింటికి పోయేవాడు. బండి వేడెక్కేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. ఆ తర్వాత తినడానికి క్యారియర్ నేను తీసుకుపోయేదాన్ని. బండిని బిడ్డ మాదిరి చూసుకుంటాడని ఆయనకు ఊళ్లో పేరు. తక్కిన డ్రైవర్లు తాళం తిప్పి ఉరికించేవాళ్లు. మామ అట్లా కాదు. షెడ్డులోకి ఒక్కడే పోయి, కిందికి వంగి చూసి, బానెట్ ఎత్తి చూసి, అప్పుడు సీట్లో కూర్చునేవాడు. స్టార్ట్ చేసి ఆ డీజిల్ అంబాసిడర్‌ను కదలనీయకుండా అట్లాగే ఉంచేవాడు. గోడలు అదిరేవి. పెద్దాయన కోసం వచ్చినవాళ్లు కూడా ఆ శ్రద్ధను మెచ్చుకునేవాళ్లు. షెడ్డులోకి పోయేముందు చేతి గడియారం తీసి గేటు దగ్గర మనిషికి ఇచ్చేవాడు. ఆయిల్ మరకలు అంటకుండా కాబోలు అనుకునేదాన్ని.

ఒకరోజు కాలేజీలో ఏదో పరీక్ష ఉండి నేను తొందరగా బయల్దేరాను. పోయేసరికి షెడ్డు తలుపులు తెరిచి ఉన్నాయి. మామ సీట్లో కూర్చుని తాళం మీద చెయ్యి వేసి ఉన్నాడు. మామా అని పిలుస్తూ క్యారియర్ ఊపుకుంటూ దగ్గరికి నడిచాను. జన్మలో నన్ను కసురుకోని మనిషి గొంతు చించుకున్నాడు.

"యాడికొస్తాండావు? ఎనక్కి పో! గేటు బయటికి పో!"

అక్కడే నిలబడిపోయాను. అప్పుడు చుట్టూ చూశాను. ఎప్పుడూ షెడ్డు ముందు బీడీలు కాలుస్తూ కూర్చునే మనుషులు నీళ్ల తొట్టి వెనక నక్కి ఉన్నారు. ఇంట్లో ఆడవాళ్లుండే వైపు కిటికీలన్నీ మూసి ఉన్నాయి. వరండాలో లావుపాటి స్తంభం వెనక, భుజాన తువ్వాలుతో, మొహం గోడకు తిప్పుకొని పెద్దాయన నిలబడి ఉన్నాడు. నేను గేటు దాకా వెనక్కి పోయాక మామ తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది, గోడలు అదిరాయి. కాసేపటికి ఒక్కొక్కరే బయటికొచ్చి బీడీలు వెలిగించుకున్నారు. పెద్దాయన తువ్వాలు సర్దుకుంటూ మెట్లు దిగి, "ఏడెక్కిందా?" అన్నాడు. ఎక్కింది సామీ అన్నాడు మామ.

ఇందులో విప్పి చెప్పాల్సిందేమీ లేదు, అయినా చెబుతాను. బండి కింద ఎవరైనా బాంబు పెట్టి ఉంటారేమోనని ఆ ఇంటికి భయం. పెట్టి ఉంటే తాళం తిప్పినప్పుడు పేలాలి. పేలితే లోపల మామ ఒక్కడే ఉండాలి. ఆ పనికి ఆ ఇంట్లో పెట్టుకున్న పేరు బండి వేడి చేయడం. ఆడవాళ్లు, పనివాళ్లు, ఆఖరికి పూజకొచ్చే అయ్యవారు కూడా అదే మాట అనేవాళ్లు. ఎంత మర్యాదైన మాటో చూడండి.

సాయంత్రం ఇంటికొచ్చాక మామను నిలదీశాను. ఇంజన్‌కు నిజంగా అంత వేడి కావాలా అని అడిగాను. ఆయన అన్నం కలుపుకుంటున్నాడు. వంటింట్లో అత్త గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఇంజన్‌దేముంది మే, ఆయిల్ పైకెక్కితే చాలు. అది ఇట్లా అయిపోతాది. మిగతాదంతా వాళ్ల గుండెకాయలు ఏడెక్కల్లని."

మానెయ్యొచ్చు కదా అన్నాను. చదువుకుంటున్న పిల్లనని నాకు అప్పట్లో అన్నీ తేలికే. "ఆ ఇంటి గుట్టంతా తెలిసినోన్ని బయట బతకనిస్తారా? తిను, బువ్వ సల్లారిపోతాంది" అన్నాడు. గడియారం సంగతి తర్వాత అత్త చెప్పింది. పెళ్లికి మా తాత పెట్టిన గడియారమట అది. మనిషి దక్కకపోయినా అదన్నా ఇల్లు చేరాలని తీసి ఇచ్చేవాడు.

మామకు నవ్వడం బాగా వచ్చు. అదే ఆయన్ను కాపాడిందనుకుంటాను. జమ్మలమడుగు కోర్టులో వాయిదాలప్పుడు రెండు వర్గాల బళ్లూ వచ్చేవి. లోపల ఒకరినొకరు చంపుకునేటట్టు చూసుకునేవాళ్లు. బయట వేపచెట్టు కింద అవతలి వర్గం డ్రైవరూ మామా ఒకే గ్లాసు టీ సగం సగం పోసుకునేవాళ్లు. ఒకసారి ఆ డ్రైవర్ అడిగాడట, మీ ఆయప్ప యాడ నిలబడ్తాడు అని. స్తంభం ఎనక అన్నాడు మామ. మా ఆయప్ప బాత్రూములో గడె పెట్టుకుంటాడు అన్నాడు అవతలివాడు. ఇద్దరూ టీ ఒలికిపోయేదాకా నవ్వుకున్నారట. ఈ కథ మామ ఎన్నిసార్లు చెప్పినా అత్త నవ్వలేదు.

తర్వాత రాజీలయ్యాయి. నరుక్కున్నవాళ్లు పులివెందులలో ఒక పెళ్లిలో పక్కపక్కన కూర్చొని భోంచేశారు. పార్టీలు మారారు, మళ్లీ మారారు. మామ బానెట్ మీద ఒక జెండా ఊడదీసి ఇంకోటి కట్టాడు. షెడ్డులో పొద్దుటి తంతు మాత్రం మారలేదు. చిన్నాయన కొత్త కారు కొన్నప్పుడు, అప్పగించడానికొచ్చిన షోరూమ్ మనిషి ఈ బళ్లను వేడి చేయాల్సిన పనే లేదన్నాడు. స్టార్ట్ చేసి నింపాదిగా కదిలితే చాలు, నిలబెట్టి తిప్పితే డీజిల్ దండగ అన్నాడు. చిన్నాయన బాగా చెప్పినావప్పా అని అతని భుజం తట్టాడు. మర్నాడు పొద్దున వాళ్ల నాయన నిలబడిన స్తంభం వెనకే తనూ నిలబడ్డాడు. షోరూమ్ మనిషి చెప్పింది నిజమేనని మామ కూడా ఒప్పుకున్నాడు.

మామకు ఒక్కడే కొడుకు. వాడికీ స్టీరింగ్ పిచ్చే. పద్దెనిమిది నిండీ నిండకముందే పెద్దింటి కన్ను వాడి మీద పడింది. నమ్మకమైన రక్తం అన్నారు. మామ జవాబు చెప్పకుండా వాణ్ని పులివెందులలో ఒక బడి బస్సుకు క్లీనరుగా పంపేశాడు. వయసొచ్చాక వాడు దానికే డ్రైవరయ్యాడు. అప్పటి నుంచి చిన్నాయన అడుగుతూనే ఉన్నాడు, మామ నవ్వి దాటేస్తూనే ఉన్నాడు. మామకు గుండె జబ్బు బయటపడింది. చూపు తగ్గింది. చాలించమని నేనూ పోరాను. "నేను కూసున్నన్నాళ్లు ఆ సీటు ఖాళీ లేదు మే. లేసినానంటే వాన్ని పిలుస్తారు" అన్నాడు. ముసలితనంలో మనుషులు వాకిట్లో ఎండకు కూర్చుంటారు. మా మామ కొడుక్కు అడ్డంగా ఆ సీట్లో కూర్చున్నాడు.

పులివెందుల పోయి కొడుకు బస్సును ఒకసారి చూసొచ్చాడు. వచ్చి నాకు ఫోన్ చేశాడు. ఆయన అంత సంతోషంగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "వాడు తాళం తిప్పుతాంటే పిల్లోళ్లంతా బస్సులోనే ఉండారు మే. ఒక్కరు గూడ దిగలా. అరుస్తాండారు, కొట్టుకుంటాండారు. వాడు తిప్పేసినాడు, పోయినాడు" అన్నాడు.

పోయిన రోజు పెద్దింటి నుంచి పూలదండ, పార్టీ జెండా వచ్చాయి. జెండా శవం మీద కప్పబోతుంటే అత్త తీసి పక్కన పెట్టింది. సాయంత్రానికి కూడలిలో ఫ్లెక్సీ వెలిసింది. అందులో చిన్నాయన నిలువెత్తున ఉన్నాడు, కింది మూలలో మామ తపాలా బిళ్లంత ఉన్నాడు. నమ్మకానికి మారుపేరు అని రాశారు. చదివి నాకు ఒళ్లు మండిపోయింది.

దినం రోజు చిన్నాయన స్వయంగా వచ్చాడు. మామ ఫోటోకు దండం పెట్టి, బండిని బిడ్డ మాదిరి చూసుకున్నాడని అందరి ముందూ పొగిడాడు. ఆ తర్వాత మామ కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. రేపటి నుంచి వచ్చెయ్ అన్నాడు. మీ నాయన సీటు నీకు కాక ఎవరికిస్తాం అన్నాడు. వాడు తల వంచుకున్నాడు. వచ్చిన బంధువులు ఆకుల ముందు చేతులాపి చూస్తున్నారు. ఆ ఇంటికి కాదని చెప్పినవాళ్లు మా వీధిలో లేరు.

అత్త లేచి వచ్చి కొడుకు భుజం మీది చేతిని తీసి పక్కకు పెట్టింది.

"మా ఇంట్లో ఇంగ డ్రైవర్లు లేరప్పా. నీ బండి నువ్వే ఏడి చేసుకో."

కేక వెయ్యలేదు. అన్నం వడ్డించే గొంతుతోనే అంది. చిన్నాయన ఏదో అనబోయి, అందరూ చూస్తున్నారని నవ్వి, చెప్పులేసుకొని బయటికి నడిచాడు. ఆయన వెంట వచ్చిన డ్రైవర్ టీ తాగడానికి ఎక్కడికో పోయినట్టున్నాడు. కారు మా వాకిలి ముందే ఉంది. తలుపు తీసే ఉంది, తాళం చెవి బండికే వేలాడుతోంది. ఆయన తలుపు దాకా పోయి ఆగాడు. ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాడు. మాట్లాడుతున్నట్టే ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ, వీధి దాటి, ఎదురింటి గోడ పక్కకు చేరాడు. వీధిలో పిల్లలు ఆట ఆపారు. ఆడవాళ్లు గడపల్లోకి వచ్చారు. మిట్టమధ్యాహ్నం ఎండలో తలుపు తీసిన తెల్లకారు, ఆ గోడకు ఆనుకొని ఆయన. మా అత్త వాకిట్లో నిలబడి ఆయన్నే చూస్తూ ఉంది.