మా అత్తగారు ఒక్కసారే రమ్మన్నారు

గత నెలలో ఒక ఉదయం, కాఫీ అడిగి, నేను తెచ్చేలోగా మా అత్తగారు కన్నుమూశారు. గ్లాసు స్టూలు మీద పెట్టి పిలిచాను. పలకలేదు. భవానీపురంలో మా అద్దె వాటాలో ఆ వేళకి నేనూ, మూడో తరగతి చదివే మా అమ్మాయీ తప్ప ఎవరూ లేరు. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు, అంటే మా ఆయన, సైన్యంలో హవల్దారు. సెలవు అయిపోయి తిరిగి డ్యూటీకి వెళ్ళి వారం కూడా కాలేదు.

ఆయన ఫోను కలవలేదు. యూనిట్ నంబరుకి చేస్తే ఎవరో హిందీలో మాట్లాడారు. నాకొచ్చిన కాస్త హిందీలో విషయం చెప్పాను. అవతలి మనిషి "నేను చెబుతాలే చెల్లెమ్మా" అని ఆ భాషలోనే అన్నాడు. మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశారు.

"నొప్పి పడిందా?"

"లేదండీ. కాఫీ అడిగారు."

మంచు పడి దారి మూసేశారట. దహనానికి అందుకోలేరు. అవనిగడ్డ వైపున్న వాళ్ళ ఊరి నుంచి ఆయన బాబాయిగారి అబ్బాయి వచ్చి కొరివి పెట్టాడు.

మా అత్తగారు ఆ ఊళ్ళోనే వరిచేల మధ్య బతికిన మనిషి. కాలవకి నీళ్ళు ఎప్పుడొదులుతారో, ఏ గట్టు తెగేలా ఉందో, అవే ఆవిడ లోకం. మామగారు పోయాక, నాకు పెళ్ళయ్యాక, నాకు తోడుగా బెజవాడ వచ్చేశారు. "మీ అబ్బాయి ఎక్కడండీ?" అని వీధిలో ఎవరడిగినా ఆవిడది ఒకటే జవాబు: "కొండల మీదండీ." రాజస్థాన్ ఇసుకలో ఉన్న రోజుల్లో కూడా అదే మాట. ఊరి పేరు చెబితే వాళ్ళు టీవీలో ఆ ఊరి వార్తలు చూసి వచ్చి తనకి చెబుతారని భయం. సరిహద్దులో కాల్పులని వార్త రాగానే టీవీ కట్టేసి బియ్యం ముందేసుకునేవారు. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరేవారు.

సాయంత్రం వీడియో కాల్ వస్తుందంటే ముందే ముఖం కడుక్కుని, మామగారు పోయినా కొడుకు మాననివ్వని బొట్టు పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని, వెనక్కి ఆనుకోకుండా కూర్చునేవారు. ఎన్ని బాధలున్నా ఫోన్లో మాత్రం "ఇక్కడంతా బాగానే ఉందిరా నాన్నా" అన్నదే. పెళ్ళయిన కొత్తలో, గ్యాస్ అయిపోయిందని, ఇంటాయన వాటా ఖాళీ చెయ్యమంటున్నాడని నేను ఆయనకి చెప్పుకుని ఏడిస్తే, ఫోన్ పెట్టేశాక పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"అమ్మాయ్, అవన్నీ విని వాడు చేసేదేముంది? తుపాకీ పక్కన పెట్టి పరిగెత్తుకొస్తాడా? ఈ పూట వాడి అన్నం వాణ్ణి తిననివ్వు."

తిట్టలేదు. తల నిమిరి, ఇంటాయనతో మాట్లాడ్డానికి ఆవిడే కిందికి వెళ్ళారు.

రెండేళ్ళ కిందట వానాకాలంలో బాత్‌రూమ్‌లో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. కట్టు వేయించుకొచ్చిన సాయంత్రమే ఆయన ఫోను. చేతి మీద కొంగు కప్పుకుని ఎప్పటిలాగే నిటారుగా కూర్చున్నారు. మా అమ్మాయి "నాన్నా, నాయనమ్మకీ..." అనబోతే ఎడం చేత్తో దాని నోట్లో అరిసె ముక్క కుక్కేశారు.

"అమ్మా, బొట్టు వంకరగా ఉందేంటి?" అన్నారు ఆయన.

"అద్దం మసగ్గా ఉందిరా" అన్నారు ఈవిడ.

మర్నాటి నుంచి కట్టు విప్పేదాకా ఆవిడకి బొట్టు నేనే పెట్టాను. గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకుని, చిన్నపిల్లలా కూర్చునేవారు. మా ఇద్దరి మధ్యా అత్తాకోడళ్ళ బిడియం ఏమైనా మిగిలుంటే అది ఆ రోజుల్లోనే పోయింది.

ఆ చలికాలంలో ఆయన నాకొక్కదానికే ఫోన్ చేశారు. చాలా ఎత్తున ఉన్న పోస్టులో పాదం మంచుకి దెబ్బతిని, మిలిటరీ ఆసుపత్రిలో రెండు వేళ్ళ కొసలు తీసేశారట. "అమ్మకి చెప్పకు. తట్టుకోలేదు" అన్నారు. సరేనన్నాను. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. బయటికొచ్చేసరికి ఆవిడ నా ముఖం చూశారు గానీ ఏమీ అడగలేదు.

వేసవిలో ఆయన సెలవు మీద వచ్చారు. బెజవాడ ఎండల్లో, ఇంట్లో, సాక్సులు వేసుకుని తిరిగేవారు. "గచ్చు కాలుతోందమ్మా" అనేవారు. "అవునవును" అనేవారు ఈవిడ. ఆయన సెలవు అయ్యేముందు అత్తగారు నన్ను వెంటబెట్టుకుని ఆటోలో గవర్నర్‌పేట వెళ్ళారు. మూడు నాలుగు షాపులు తిప్పారు. సాక్సులో చెయ్యి పెట్టి, కుట్టు తడిమి చూసి, "బిగుతుగా ఉండకూడదు బాబూ. వేళ్ళ దగ్గర మెత్తగా ఉండాలి" అని అడిగారు. చలికి కొంటున్నారనే అనుకున్నాను.

ఈ ఏడాది ఆవిడకి అన్నం సయించడం మానేసింది. మనిషి సగమయ్యారు. స్కాన్ తీయిస్తే డాక్టరుగారు నన్ను విడిగా పిలిచి, క్లోమంలో గడ్డ ముదిరిపోయిందనీ, ఆపరేషన్‌కి లాభం లేదనీ చెప్పారు. బయటికొచ్చాక ఆటోలో ఆవిడే అన్నారు.

"నీ ముఖంలో తెలుస్తోందిలే అమ్మాయ్. ఎన్నాళ్ళంట?"

ఆయనకి ఫోన్ చేద్దామన్నాను. వద్దంటారనుకున్నాను. ఆవిడ ప్రకాశం బ్యారేజీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఇల్లు చేరేముందు నెమ్మదిగా అన్నారు.

"వాడికి అడగ్గానే మళ్ళీ మళ్ళీ సెలవిస్తారా? నేను పోయాక వస్తే వాణ్ణి నేను చూడలేను కదా. కొరివికి ఎవరో ఒకరుంటారు. నేను చూసుకోవడానికి వాడొక్కడేగా. నేనే అడుగుతాను."

ఆ సాయంత్రం కాల్ వచ్చింది. పంటకోతలకి రమ్మనలేదు, మామగారి సంవత్సరీకానికి రమ్మనలేదు, నా కాన్పుకి రమ్మనలేదు. అలాంటి మనిషి మొదటిసారి అన్నారు.

"ఒకసారి వచ్చిపోరా."

ఎందుకని ఆయన అడగలేదు. బొమ్మ ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆగలేదు. "వస్తానమ్మా" అన్నారు.

వచ్చారు. సెలవంతా ఆ గదిలోనే గడిపారు. పక్క దులపడం, మందులివ్వడం, బెడ్‌పాన్ కడగడం, ఏదీ నన్ను చెయ్యనివ్వలేదు. ఒక మధ్యాహ్నం ఆవిడ కాస్త తేరుకుని, "ఆ సాక్సులు తియ్యరా. నాకు తెలుసులే" అన్నారు.

ఆయన నా వైపు చూశారు. నేను చెప్పలేదని తలూపాను.

"అదేం చెప్పలేదు. నీ నడక నాకు తెలీదా? ఆ వేసవిలోనే, గేటు దగ్గర్నుంచి గుమ్మందాకా వచ్చేసరికే తెలిసింది."

ఆయన మంచం చివర కూర్చుని సాక్సు తీశారు. ఆవిడ ఆ పాదాన్ని ఒళ్ళోకి లాక్కుని, వేళ్ళు ఉండాల్సిన చోట బొటనవేలితో రాస్తూ ఉండిపోయారు. అప్పుడు ఆయన అన్నారు.

"నీ చెయ్యి విరిగిన సంగతీ నాకు తెలుసమ్మా. బొట్టు చూసినప్పుడే అనుకున్నాను. తర్వాత నెలంతా ఫోను ఎడం చేత్తోనే పట్టుకున్నావు."

"మరి అడగలేదేరా?"

"అడిగితే నువ్వు అబద్ధం చెప్పాలి కదా."

ఆవిడ నవ్వబోయారు. దగ్గొచ్చింది. నేను నీళ్ళు తెచ్చే నెపంతో లేచి బయటికి వచ్చేశాను.

ఆవిడ పోయాక, దారి తెరిచి, పెద్దకర్మకి ఆయన అందుకోగలిగారు. ఇబ్రహీంపట్నం దగ్గర సంగమంలో అస్థికలు కలిపి, తడిబట్టలతో వచ్చి, నాలుగు రోజులుండి వెళ్ళిపోయారు. ఇప్పుడు కూడా సాయంత్రాలు ఫోన్ చేస్తారు. మొన్న అమ్మాయికి జ్వరం. "ఎలా ఉన్నారు?" అని ఆయన అడిగితే, "ఇక్కడంతా బాగానే ఉందండీ" అన్నాను. ఆయన ఒక్క క్షణం నన్నే చూసి, "సరే" అన్నారు. ఆవిడ బతికుండగా ఆ మాట వెనక ఎంత బరువుండేదో నాకు తెలియలేదు.

ఆఖరి సెలవు అయిపోయిన ఉదయం మాత్రం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఆయన పెట్టె గుమ్మంలో పెట్టి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, ఆవిడ దిండుకి ఆనుకుని లేచి కూర్చుని, కొబ్బరినూనె సీసా ఇమ్మన్నారు.

"జుట్టే లేదు కదమ్మా" అన్నారు ఆయన.

"ఉన్నంతకే రాస్తాను. కూర్చో."

ఆయన మంచానికి వీపు ఆనించి కింద కూర్చున్నారు. ఆవిడ అరచేతిలో పోసుకున్న నూనె సగం దుప్పటి మీదే ఒలికింది. మిగిలింది ఆ పొట్టి క్రాఫు మీద అద్ది, మాడు మీద మెల్లగా మర్దనా చేశారు. ఎప్పుడొస్తావని ఆవిడ అడగలేదు. వస్తానని ఆయనా అనలేదు. నూనె చుక్క ఒకటి చెవి వెనక నుంచి జారి, ఇస్త్రీ చొక్కా కాలర్‌లోకి ఇంకుతోంది. ఆవిడ చూశారు, నేనూ చూశాను. ఎవరమూ తుడవలేదు. బయట ఆటో అతను ఇంజను ఆపేశాడు.