బావి మీద బండ

మొన్న వికారాబాద్‌లో మనవరాలి ఇంట్లో చాయ్ తాగుతూ కూర్చున్నాను. మనసు చెదిరినవాళ్లతో మాట్లాడి వాళ్లను నిలబెట్టడం ఆ పిల్ల ఉద్యోగం. "గసుంటోళ్లను మేం మొదలు సూటిగనే అడుగుతం చిన్నమ్మమ్మా, సచ్చిపోవాలనిపిస్తుందా అని. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు జర దిగుతది" అంది బిస్కెట్ ముంచుకుంటూ. నేను కప్పు కింద పెట్టేశాను. ఈ ప్రశ్న నేను అంతకుముందు ఒకే ఒక్కసారి విన్నాను.

పోలీసు చర్య జరిగిన కొన్నేళ్లకు మర్పల్లి నుంచి తాండూరుకు కొత్త కోడలిగా వెళ్లాను. మామకు నాపరాళ్ల గని ఉండేది. అందుకని ఇంట్లో నేల బండే, అల్మారా అరలూ బండే. మా అత్తమ్మ మనసు కూడా అదే గనిలోంచి తీశారని నేను అనుకునేదాన్ని. ఆ ఇంటి పెద్దకోడలిని అక్కా అని పిలిచేదాన్ని. ఆ ఏడు వానాకాలంలో అక్క తొలిచూలు బిడ్డ పురిట్లోనే పోయింది. ఆ తర్వాత అక్క తిండి మానేసింది, మాట మానేసింది. పెరట్లో బావి గట్టు మీద కూర్చుని నీళ్లలోకి చూస్తూ ఉండేది. మాకందరికీ భయమే. కానీ ఆ మాట నోటితో అనేదెవరు? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారాయె! బావ అయితే "నాలుగు దినాలైతే గదే సర్దుకుంటది" అని గనికి వెళ్లిపోయేవాడు.

ఒక పొద్దున గని నుంచి ఎడ్లబండి మీద పెద్ద బండ వచ్చింది. అత్తమ్మ దాన్ని బావి మీద అడ్డంగా వేయించింది. వీధి వీధంతా నోరు వెళ్లబెట్టింది. నిండా నీళ్లున్న బావిని ఎవరైనా మూస్తారా! మామ కేకలు వేశాడు. "నీళ్లు చెడిపోయినయి" అంది అత్తమ్మ, అంతే. ఆ రోజు నుంచి ముగ్గురం పక్క వీధి బావికి బిందెలెత్తుకుని వెళ్లేవాళ్లం, అక్క మా ఇద్దరి మధ్య. నడుం నొప్పితో నేను లోలోపల అత్తమ్మను తిట్టుకునేదాన్ని.

మధ్యాహ్నాలు అక్కను ఎదురుగా కూర్చోబెట్టుకుని అత్తమ్మ కందులు విసిరేది. విసుర్రాయికి పిడి ఒకటే, దాని మీద ఇద్దరి చేతులు; ఒకరు వదిలితే రెండోవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ఒకనాడు నేను పక్కన పప్పు చెరుగుతున్నాను. తిప్పడం ఆపకుండానే అత్తమ్మ అడిగింది: "సావాలనిపిస్తున్నదా బిడ్డా?"

నా చేతిలో చేట జారి పప్పంతా నేలపాలైంది. ఈ ముసలిదానికి మతి పోయిందా అనుకున్నాను. విసుర్రాయి ఆగింది. అన్నాళ్లుగా పలకని అక్క "అవునత్తమ్మా" అంది. అత్తమ్మ తిట్టలేదు, దేవుడి పేరెత్తలేదు. "నాకు తెల్సు. గా ఆలోచన వచ్చినప్పుడల్లా నన్ను పిల్వు. ఏ పనిల ఉన్నా వస్త" అని ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. బిడ్డ పోయాక అక్క మొదటిసారి ఏడ్చింది. బండ ఎందుకొచ్చిందో నాకప్పుడు అర్థమైంది.

అప్పటినుంచి అక్క పిలిస్తే చాలు, పెనం మీద జొన్నరొట్టె వదిలేసి అత్తమ్మ పరుగెత్తేది. మాడిన రొట్టెలు మామ కిక్కురుమనకుండా తిన్నాడు. పోనుపోను పిలుపులు తగ్గాయి, రొట్టెలు బాగుపడ్డాయి. ఎండాకాలంలో ఒకనాడు అక్కే అడిగింది: "బండ తీపియ్యి అత్తమ్మా. ఇంట్ల నీళ్లు పెట్టుకొని గంత దూరం ఎందుకు?" అత్తమ్మ ఆమె కళ్లలోకి చాలాసేపు చూసి, మనుషులను పిలిపించి బండ తీయించింది. పక్కనే నిలబడి అక్క చేత మొదటి చేద తోడించింది. చెడిపోయాయని తాను చెప్పిన ఆ నీళ్లను అందరి ముందూ దోసిలి పట్టి తాగి, "తియ్యగున్నయి" అంది.

నేను చెప్పడం అయ్యేసరికి మనవరాలు తెల్లబోయి చూస్తోంది. అది అక్క కూతురి కూతురే. ఈ సంగతి దానికెవరూ చెప్పలేదు. దాని చేతిలో చాయ్ చల్లారిపోయింది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో కాలం ఆ విసుర్రాయితో పాటే ఆగింది. అక్క అవునన్నాక కదిలి, ఇదిగో, ఈ పిల్ల దాకా వచ్చింది.