ఆయమ్మ కలిపిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పాలు ఒలకబోస్తే తిట్లు, నీళ్ళు ఒలకబోస్తే దెబ్బలు పడేవి. మాది కంబదూరు దగ్గర పల్లె. వానలు మొహం చాటేసిన సంవత్సరాలవి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. గిన్నెలు కడిగిన నీళ్ళు కూడా మేకలకు పోసేవాళ్ళం. ఆ పొదుపే ఒక రోజు మా తమ్ముడి ప్రాణం మీదికి తెచ్చింది.

ఎండాకాలంలో ఏడాదిన్నర వయసున్న తమ్ముడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నాయన పనికని బెంగళూరు పోయి ఉన్నాడు. అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని, నన్ను రెక్క పట్టి లాక్కుంటూ బస్సెక్కి సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయింది. పిల్లల వార్డంతా అదే జబ్బు, అందరికీ కలిపి ఒక్క నర్సమ్మ. పెద్ద సిస్టర్ అనేవాళ్ళు ఆమెను. తమ్ముణ్ణి చూసి, ఉప్పూ చక్కెరా కలిసిన పొడి ప్యాకెట్ ఒకటి వార్డులో పనిచేసే ఆయమ్మ చేతికిచ్చి, నీళ్ళలో కలిపి చెంచాతో పట్టమంది. అంతలో కాన్పుల గదిలోంచి పిలుపు వచ్చి పరుగున వెళ్ళిపోయింది.

ఆయమ్మ కూడా మాలాంటి పల్లెటూరి మనిషే. కుండ అడుగున కాసిన్ని నీళ్ళున్నాయి, వార్డు నిండా పిల్లలున్నారు. ప్యాకెట్ మొత్తం చిన్న గ్లాసుడు నీళ్ళలో గుమ్మరించింది. చిక్కగా ఉంటే బలమనుకుంది పాపం. తమ్ముడు ఆత్రంగా మింగాడు. మింగేకొద్దీ దాహం పెరిగి ఇంకా ఇంకా ఏడ్చాడు. నేను కాలుకాలిన పిల్లిలా వాకిలికీ మంచానికీ మధ్య తిరుగుతూ సిస్టర్ కోసం చూశాను. ఆమె రాదు, వీడి ఏడుపు ఆగదు.

చివరికి వచ్చింది. వాణ్ణి చూసి, గ్లాసులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఆమె మొహంలో రంగు పోయింది. ఇంత ఉప్పయితే ఒంట్లో ఉన్న నీళ్ళు కూడా లాగేస్తుందంటూ డాక్టరు కోసం మనిషిని పరుగెత్తించింది. సంగతి అర్థమైన అమ్మ ఆయమ్మ మీదికి ఒంటికాలి మీద లేచింది. సిస్టర్ అడ్డం నిలబడింది.

"ఆయమ్మను ఏమీ అనొద్దమ్మా. ఎన్ని నీళ్ళు పోయాల్నో నేను చెప్పలా. కలిపేది చూడకుండా పోతిని. తప్పు నాది."

డాక్టరు ముందు కూడా తల దించుకోకుండా అదే మాట అంది. ఆయన తమ్ముణ్ణి పరీక్షించి, ఆ నీళ్ళు ఆపించి, ముందు తల్లిపాలు పట్టమన్నాడు. సిస్టర్ ఆసుపత్రి ఎదురుగా ఉన్న టీ హోటల్ నుంచి కాచిన నీళ్ళు తెప్పించింది. అవి చల్లారాక కొత్త ప్యాకెట్ తీసి మళ్ళీ ఆ ఆయమ్మ చేతిలోనే పెట్టింది. నాకు ఒళ్ళు మండింది.

"మళ్ళా ఆయమ్మకే ఎందుకిస్తాండావు?" అని అరిచాను.

"నేనొక్కదాన్నే ఇంతమందికి యాడ కలిపేది పాపా? ఈయమ్మకు వస్తే నేను ఈడ లేనప్పుడు కూడా మీ తమ్మునికి నీళ్ళు అందుతాయి."

ప్యాకెట్‌కు పెద్ద సీసా నిండా నీళ్ళు ఎందుకు పోయాలో చెప్పి, ఆయమ్మ చేత తిరిగి చెప్పించింది. కలుపుతుంటే పక్కనే నిలబడి చూసింది. పిల్లోడు మగతగా పడుకున్నా, ఏడ్చేటప్పుడు కన్నీళ్ళు రాకపోయినా పిలవమంది, తను కాన్పుల గదిలో ఉన్నా సరే వచ్చి పిలవమంది. ఉచ్చ పోస్తే గండం గడిచినట్టేనంది. చెప్పి ఊరుకోలేదు. ఏ పని మీద అటు వెళ్ళినా మా మంచం దగ్గర ఒక్క క్షణం ఆగి వెళ్ళేది. ఆయమ్మ చెంచా తర్వాత చెంచా పట్టింది.

పొద్దు వాలేవేళ ఆయమ్మ కేకలు వార్డంతా వినిపించాయి. "సిస్టరమ్మా, పిల్లోడు ఉచ్చ పోసినాడు!" పొద్దున తిట్టిపోసిన అమ్మే ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు నేనూ అనంతపురంలో ఒక వార్డుకు పెద్ద సిస్టర్‌ను. ఎవరికైనా పని చెప్పాక కుర్చీలో కుదురుగా కూర్చోలేను. మేడం కాళ్ళకు చక్రాలున్నాయని పిల్ల నర్సులు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. మొన్న కొత్తగా చేరిన ఆయా ఒకామె పొరపాటు చేసి, పని తీసేయొద్దని వేడుకుంటూ నా ముందు నిలబడింది. ఏం చేశావని అడగబోయి, నేను నీకేం చెప్పానని అడిగాను. నేను సరిగా చెప్పలేదని నా మొహం మీద అనడానికి ఆమెకు భయమేసింది. ఆ మాట ఆమె బదులు అందరి ముందూ నేనే అన్నాను.