చేదు అంటని కాలేయం

చేప కాలేయాన్ని చేదు అంటకుండా తీసే పద్ధతి నాది. అది వేరొకరి పేరున అచ్చయింది. నా పేరు ఆ వ్యాసంలో పైనా లేదు, చివర కృతజ్ఞతల్లోనూ లేదు.

తొంభైల మొదట్లో విశాఖలో ఒక కళాశాల జీవరసాయన ప్రయోగశాలలో నేను అటెండరుని. గాజుసామాను కడగడం, పొద్దున్నే ఫిషింగ్ హార్బరు నుంచి చేపలు ఐసులో పెట్టి తేవడం నా పని. బడికి వెళ్ళింది ఐదో తరగతి వరకే. మిగతాది అక్కడి పుస్తకాలు ముందేసుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని నేనే చదువుకున్నాను. ఎంజైము అంటే ఏమిటో, తిన్న తిండిని కాలేయం ఎలా విడగొట్టి శక్తిగా మారుస్తుందో నన్నెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

గోదావరి జిల్లా కుటుంబానికి చెందిన పరిశోధక విద్యార్థి ఒకాయన ఉండేవాడు. తండ్రి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి, ఇల్లు గాజువాకలో. చేప కాలేయంలోని ఒక ఎంజైము మీద ఆయన పని. నాలుగు నెలలు తంటాలు పడినా, ఆ ఎంజైము పనిని కొలిచే మీటరు ముల్లు కదల్లేదు. అయినా ప్రొఫెసరుగారు రోజూ ఆయన్ని గదిలోకి పిలిచి టీ తాగించేవారు. ఆ టీ తెచ్చేది నేను. రెండు గ్లాసులే తెమ్మనేవారు. నా కడుపుమంట అక్కడే మొదలైంది, దాచుకోను.

ఒకరోజు ఆయన చేప కోస్తుంటే చూశాను. కాలేయానికి అంటుకుని పిత్తం ఉండే సంచి ఒకటి ఉంటుంది. మేము చేదు సంచి అంటాం. ఆయన కత్తెర దానికి తగిలి, కాలేయం మీద పసరు రంగు పాకింది. ఆయన నీళ్ళతో కడిగేసి రుబ్బబోయాడు.

"బాబూ, అది పారీండి. సేదంటేసింది," అన్నాను.

"కడిగాను కదండీ."

"కడిగితే పోద్దేటి? ఇలాటి సేప కూరొండితే మా ఇంట్లో కంచాలు ఇసిరేత్తారు. మీ ఎంజైము ఊరుకుంటాదేటి?"

నవ్వాడు గానీ కత్తెర నా చేతికిచ్చాడు. భీమిలిలో మా అమ్మ చేపలు కోసి అమ్మేది. సంచి మెడను వేలితో నొక్కిపట్టి కాలేయాన్నే దాని నుంచి ఒలవాలి. అది అమ్మది. మెడకు దారం ముడి వేయడం నేను కలిపింది. అలా ఒక కాలేయం తీసిచ్చాను. ఆ మధ్యాహ్నం మీటరు ముల్లు లేచింది. ఆయన నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. తర్వాత రెండేళ్ళూ ప్రతి కాలేయమూ నేనే తీశాను.

ఆయన వ్యాసం ఒక పరిశోధన పత్రికలో వచ్చింది. దారం ముడితో సహా నా పద్ధతంతా రెండు వాక్యాల్లో ఉంది. నిఘంటువు దగ్గర పెట్టుకుని నాలుగుసార్లు చదివాను. నేను లేను.

ఆయనకు డాక్టరేటు వచ్చింది. వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. రెండువేల సంవత్సరం దాటాక అక్కడ శాఖాధిపతి అయ్యాడు. ఆయన వ్యాసం వచ్చినప్పుడల్లా దుమ్ము దులిపే నెపంతో పత్రిక తీసి, తప్పు కోసం వెతికేవాణ్ణి. ఒకసారి ఒక పట్టికలో కూడిక తప్పింది. వారం రోజులు హాయిగా అన్నం తిన్నాను.

"ఆ బాబు రాతలు నువ్వు సదివినట్టు ఆళ్ళావిడ కూడా సదవదు. ఏటయ్యా నీకీ మోజు?" అనేది నా భార్య.

నేను రిటైరయ్యాక ఆయన మా కళాశాలకు ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చాడు. వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నాను. కాలేయం అంత శుభ్రంగా ఎలా తీశారని ఒకమ్మాయి అడిగింది. "అభ్యాసమండి," అన్నాడు. నన్ను చూడలేదు.

ఇంటికొచ్చి ఉత్తరం రాశాను. ఆ అభ్యాసం ఎవరిది, నా పేరు ఎందుకు రాయలేదు అని రెండే ప్రశ్నలు. జవాబు లేదు. మళ్ళీ రాశాను. మూడో ఉత్తరానికి వచ్చింది:

"నమస్కారమండి. మీ పేరు మరిచిపోయి వదిలేయలేదు. రాస్తే ఆ పని నాకు చేతకాదని మన ప్రొఫెసరుగారికి తెలిసిపోతుందని వదిలేశాను. మీ చేతులంటే నాకు అసూయగా ఉండేదండి. ఆ పని ఇప్పటికీ పట్టుబడలేదు. మొన్న మా విద్యార్థుల ముందు రెండు సంచులు పగలగొట్టాను. అప్పుడు వాళ్ళకి మీ పేరు చెప్పాను. అచ్చయినదాన్ని ఇక మార్చలేను. వేలు ముందు పెట్టాలా, దారం ముందు వేయాలా, అదొక్కటీ దయచేసి రాయండి."