ఆరు దగ్గర ఆగిన లెక్క

మా ఆయన మిలటరీ నుంచి రిటైరై వచ్చిన కొత్తలో నేను చేసిన తప్పు ఒక్కటే, ఆయన్ని కాలు కింద పెట్టనివ్వలేదు. మంచుకొండల్లో పడ్డ కష్టం చాలదా, ఇకనైనా కూర్చోనీ అనుకున్నాను. గేదెకు గడ్డి నేనే వేశాను, బజారుకు నేనే వెళ్లాను, మంచినీళ్లు కూడా చేతికే అందించాను. చుట్టాలంతా నన్ను మెచ్చుకున్నారు.

ఆయన కూర్చున్నారు. మళ్లీ లేవలేదు. ముందు వీధిలోకి వెళ్లడం మానేశారు, తర్వాత అరుగు మీదికి రావడం మానేశారు. చివరికి లోపలి గదిలో గోడకు వీపు ఆనించి, తలుపు వైపు చూస్తూ ఉండిపోయారు. కుక్కరు కూస్తే ఉలిక్కిపడేవారు. డాక్టరు దగ్గరకు వెళ్దామంటే తల అడ్డంగా ఊపేవారు. ఒకరోజు అన్నం వడ్డిస్తుంటే, "ఇంక నానెవులికి పనికొస్తానే?" అన్నారు. ఈ మనిషి నాకు దక్కడేమోనని ఆ పూటే మొదటిసారి భయం వేసింది.

నౌపడ దగ్గర మా ఊళ్లో మాజీ సైనికులు ఇంకో పదిమంది ఉన్నారు. పొద్దున్నే ఉప్పు మళ్ల గట్ల మీద పరుగెత్తుతారు. ఆ తర్వాత పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే ఆడపిల్లలకు హైస్కూలు మైదానంలో పరుగు నేర్పుతారు. వాళ్లకు పెద్ద, నాకు మావ వరసయ్యే రిటైర్డు సుబేదారు. ఒక ఉదయం ఆయన అందరినీ తెచ్చి మా వాకిట్లో వరసగా నిలబెట్టారు. మిలటరీ పద్ధతిలో ఒక్కొక్కరూ తమ నంబరు అరవడం మొదలుపెట్టారు. ఏక్, దో, తీన్, చార్, పాంచ్, ఛే. అక్కడ ఆగిపోయారు. కాసేపు మా తలుపు వైపు చూసి పరుగుకు వెళ్లిపోయారు.

మర్నాడూ అంతే. మూడో రోజు అడిగేశాను.

"ఏటి మావా ఇది?"

"ఏడో నంబరు నీ పెనిమిటిదమ్మా. ఆడు పలికితేనే లెక్క ముందుకెల్తాది."

"పలక్కపోతే?"

"రేపొస్తాం."

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. రోజూ నేను వేసిన ముగ్గు మీద ఇరవై బూట్లు! ఒకరోజు ఆరు దగ్గర ఆగగానే గడప మీద నిలబడి, "సాత్! అయిపోనాది, ఎల్లండి!" అని అరిచాను. ఎవరూ నవ్వలేదు.

"అది నీ నంబరు కాదమ్మా," అన్నారు మావ నెమ్మదిగా. "ఆడు తప్ప ఇంకెవులూ పలక్కూడదు."

తలుపు ధడేలున వేసేశాను. మర్నాటి నుంచి మాత్రం ముగ్గు పక్కకు జరిపి వేశాను.

అలా రెండు నెలలు గడిచాయి. తుఫాను పట్టి కుండపోతగా వాన కురుస్తున్న ఒక పొద్దున, ఈ వానలో రారులే అనుకున్నాను. వచ్చారు. మోకాళ్లు అరిగిపోయినాయన కూడా మోకాలికి పట్టీ కట్టుకుని వచ్చి, తడుస్తూ నిటారుగా నిలబడ్డారు. గదిలో పడి ఉన్న ఒక్క మనిషి కోసం ఇంతమందా అనుకుంటూ గడప మీదికి వచ్చాను. లెక్క మళ్లీ ఆరు దగ్గర ఆగింది. చూరు నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

"సాత్."

నా వెనక నుంచి వచ్చింది ఆ మాట. ఆయన గది గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇనబడనేదు!" అన్నారు మావ.

"సాత్!"

నన్ను దాటుకుని, చెప్పులైనా లేకుండా ఆయన వానలోకి దిగి వరసలో నిలబడ్డారు. వెంటనే పక్కన ఉన్నాయన "ఆఠ్!" అని అరిచారు. నౌ. దస్. చివరాయన నోట "గ్యారా" సగమే వచ్చింది. ఆరు తర్వాత ఇంకా మనుషులున్నారని నేను ఒక్కరోజూ ఆలోచించలేదు. ఆ నలుగురూ రెండు నెలలు రోజూ మా వాకిట్లోకి వచ్చి, ఒక్కసారైనా తమ నంబరు చెప్పకుండానే వెళ్లారు. వాళ్లకు ఎలా దండం పెట్టాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఇప్పుడు మా ఆయన మావ వెంట శ్రీకాకుళం వెళ్లి డాక్టరుకు చూపించుకుంటున్నారు. ఆడపిల్లలు పరుగెత్తేటప్పుడు స్టాప్‌వాచ్ ఆయన చేతిలోనే ఉంటుంది. కుక్కరు కూతకు ఇంకా ఉలిక్కిపడతారు. లెక్క ఇప్పుడు మైదానంలోనే జరుగుతుంది, మా వంటింట్లోకి వినబడుతుంది. ఆరు దగ్గర ఊపిరి బిగబడతాను. ఎనిమిది వినబడ్డాకే స్టవ్ వెలిగిస్తాను.