గీకని పిడి

కాలర్ల అక్క కుట్టుపని కార్ఖానాలోనూ అందరికీ తెలుసు, ఊరిచివరి విలువిద్య క్లబ్బులోనూ తెలుసు. కార్ఖానాలో ఇరవై రెండేళ్లుగా నర్సుల యూనిఫారాలకు కాలర్లు కుట్టేది ఆమే. క్లబ్బులో పదకొండేళ్లుగా జట్టుకు అదనపు మనిషి కూడా ఆమే. నలుగురు ఆడతారు. అయిదో మనిషి నీళ్ల సీసాలు మోస్తుంది, బాణాలు ఏరి తెస్తుంది, గ్రూపు ఫొటోలో చివర నిలబడుతుంది.

ఆమె అదనపు మనిషిగా మిగిలిపోవడానికి కారణం ఎడమచెయ్యి. కొసల్లో చిన్న చక్రాలుండే కప్పీల విల్లు పట్టేది ఆ చేత్తోనే. బాణం వదిలే క్షణంలో ఆ చెయ్యి విల్లును వెంట్రుకవాసి మెలితిప్పుతుంది. యాభై మీటర్లు వెళ్లేసరికి ఆ వెంట్రుకవాసి బెత్తెడవుతుంది. డెబ్బై రెండు బాణాలకు ఆరువందల ఎనభై పాయింట్లు వస్తేగానీ జట్టులో చోటుండదు. ఆమెకు ఎప్పుడూ ఆరువందల డెబ్బై దగ్గరే పొద్దుగూకుతుంది. ఇప్పుడామెకు నలభై ఆరు. వచ్చే ఏడాది నుంచి నలభై ఆరు దాటినవాళ్లను ఎంపికకే రానివ్వబోమని క్లబ్బు గోడమీద కాగితం అంటించారు.

"లోపం నీలో లేదమ్మాయ్, పిడిలో ఉంది," అన్నాడు విళ్లు బాగుచేసే ముసలాయన. క్లబ్బులో అందరూ ఆయన్ని బిగింపు మామయ్య అంటారు. "లావు పిడి పట్టుకుంటే అరచెయ్యంతా ఆనుతుంది. ఆనిన ప్రతిచోటా ఒక తోపు. బొటనవేలి కింద కండ ఉంది చూశావూ, దానిమీద మాత్రమే విల్లు ఆనాలి. మిగతా చెయ్యి అసలు లేనట్టే ఉండాలి."

బల్లమీదికి పాత పిడుల డబ్బా బోర్లించాడు. ఆమె జేబులోంచి కుట్టుసుద్ద తీసింది. పిడికి సుద్ద పూసి, విల్లుకు బిగించి, నారి లాగి, దించి, అరచెయ్యి చూసుకునేది. సుద్ద ఎక్కడ అంటితే అక్కడ ఆనినట్టు. ఒకదానికి చెయ్యంతా తెల్లబడింది. ఇంకోదానికి చిటికెనవేలి కింద కూడా మరక పడింది. తొమ్మిదో పిడి నల్లటి కర్రది, సన్నగా, బల్లపరుపుగా ఉంది. దానికి బొటనవేలి కండమీద వేలెడు వెడల్పు గీత ఒక్కటే పడింది. బాణం వదిలితే విల్లు నిలకడకు ముందు బిగించిన కడ్డీ పక్కకు తిరక్కుండా తిన్నగా దూకింది. పదకొండేళ్లలో అది అలా దూకడం ఆమె మొదటిసారి చూసింది.

"అది వద్దులే," అన్నాడు మామయ్య.

"ఏం? ఎవరిది?"

"పాత కెప్టెనుది. ఆరేళ్ల కిందట బాణం వేసే గీతమీద నిలబడి, నారి లాగి, అలాగే పడిపోయింది చూడు, ఆవిడది. వేళ్లు విడదీసి పిడి ఊడబెరికింది నేనే. ఎడమ పక్కంతా పడిపోయింది పాపం." ఆయన గరుకు కాగితం అందుకున్నాడు. "సరే, కావాలంటే ఇలా ఇవ్వు. ఒక పొర గీకి ఇస్తాను. వాడిన పిడి గీకకుండా ఇంకో చేతికి ఇవ్వను, నా సంగతి తెలుసుగా."

నిజమే. ఆయన ఎవరికిచ్చినా పచ్చికర్ర కనబడేదాకా గీకే ఇస్తాడు. చెమట కంపని కొందరు, చాదస్తమని కొందరు నవ్వుకుంటారు.

"గీకితే ఈ కొలత ఉంటుందా మామయ్యా?"

"ఉండదు. మళ్లీ వెతుక్కోవాలి."

"ఎంపిక నాలుగు వారాల్లో ఉంది. నేను గీకనివ్వను," అని పిడి సంచిలో వేసుకుంది. అది మంగళవారం.

మొదటి వారంలోనే ఆరువందల డెబ్బై ఎనిమిది కొట్టింది. రెండోవారంలో ఎనభై రెండు. క్లబ్బులో జనం ఆమె వెనక నిలబడి చూడటం మొదలెట్టారు. ఆ వారమే ఇంట్లో మొగుడు టీ గ్లాసు అందిస్తూ ఆగిపోయాడు.

"అదేం పట్టుకోవడమోయ్? గ్లాసుని విల్లనుకున్నావా?"

ఎడమచెయ్యి గ్లాసును పట్టుకోలేదు. బొటనవేలి కండతో నెడుతోంది, వేళ్లు ఏటవాలుగా వేలాడుతున్నాయి. గ్లాసు కింద పడింది. "జట్టులోకి వెళ్లకముందే గొప్పలొచ్చేశాయి మహారాణిగారికి," అంటూ ఆయన గాజుపెంకులు ఏరాడు. ఆమె నవ్వబోయింది.

కార్ఖానాలో అంతకంటే ఎక్కువైంది. కాలరు కుట్టేటప్పుడు కుడిచెయ్యి గుడ్డను దిద్దుతుంది, ముందుకు జరిపేది ఎడమచెయ్యి. ఆ ఎడమచెయ్యి ఇప్పుడు గుడ్డమీద పడి ఊరికే ఉంటోంది. కాలరు మొన తిప్పబోతే మణికట్టు బిగుసుకుని, చెయ్యి గోడవైపు చాచుకుంటోంది. కుట్లు ఎడమకు పోతున్నాయి. కటింగ్ మేస్త్రీ మూడు కాలర్లు ఆమె ముందు పడేశాడు.

"అక్కా, ఇవి కాలర్లా, కుక్క చెవులా? ఇంకోసారి ఇలా వస్తే నిన్ను బొత్తాలు కుట్టే బల్లకి మార్చేస్తా. తర్వాత నన్ను అనొద్దు."

ఆ సాయంత్రం ఆమె క్లబ్బులో పిడికి కాకుండా అరచేతికి సుద్ద రాసుకుంది. నారి లాగి దించి, పిడిమీద పడిన ముద్ర చూసింది. బొటనవేలి కండ ముద్ర చక్కగా పడింది. దానికి అడ్డంగా, ఏటవాలుగా, దారమంత సన్నటి గీత ఒకటుంది. పాత గాయం మచ్చలాంటిది. ఆమె అరచేతిలో ఏ మచ్చా లేదు. తుడిచి మళ్లీ వేసింది. మళ్లీ అదే గీత పడింది.

"కెప్టెనుకి ఇక్కడ దెబ్బ తగిలిందా?" తన బొటనవేలి కింద చూపించి అడిగింది.

బిగింపు మామయ్య స్క్రూ తిప్పడం ఆపాడు. "బాణం మొన కోసుకుంది. చాలా పాతమాట. నీకెవరు చెప్పారు?"

మర్నాడు మధ్యాహ్నం ఆమె సెలవు పెట్టి కెప్టెను ఇంటికి వెళ్లింది.

మూడో అంతస్తు, రెండు గదులు. తలుపు తీసిన కెప్టెను కూతురు ఆమెను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని లోపలికి లాగినంత పని చేసింది. "మంచివేళకి వచ్చావక్కా! అమ్మ చెయ్యి చూడు. ఆరేళ్లు చిటికెనవేలు కూడా కదల్లేదు. మూడువారాల కిందట మంగళవారం కదిలింది. డాక్టరుగారే నోరు తెరిచారు."

కిటికీ పక్క మంచంమీద కెప్టెను వెల్లకిలా పడుకుని ఉంది. మాట లేదు, కళ్లు మాత్రం ఉన్నాయి. ఎడమచెయ్యి దుప్పటి మీద కదులుతోంది. రెండువేళ్లు దుప్పటి అంచు పట్టుకున్నాయి, ముందుకు జరిపాయి, ఇంకాస్త జరిపాయి. ఒకచోట ఆగాయి. గుడ్డను కొంచెం పైకెత్తి, మొన తిప్పి, మళ్లీ ముందుకు జరిపాయి.

కాలర్ల అక్క మంచం మీదికి వంగి చూసింది. మొన దగ్గర సూది దించి, గుడ్డను అదిమే పాదం ఎత్తి, గుడ్డ తిప్పి, ఎడమచేత్తో జరపడం. ఇరవై రెండేళ్లుగా రోజుకు రెండొందలసార్లు తను చేసే పని అది. తన చెయ్యి ఎక్కడికి పోయిందో ఆమెకు తెలిసిపోయింది.

"ఏం చేస్తోందో అర్థంకాదు గానీ, కదులుతోంది కదా, అదే చాలు," అంది కూతురు కళ్లు తుడుచుకుంటూ.

పిడి సంచిలో ఉంది. ఇచ్చేస్తే ఈ చెయ్యి ఆగిపోతుంది. ఇవ్వకపోతే తనకు బొత్తాల బల్లే. అదొక్కటే అయితే భరించేదేమో. రేపు గ్లాసు, ఎల్లుండి అన్నం ముద్ద, ఆపైన మొగుడి తలమీద వేసే చెయ్యి కూడా ఇంకొకరిదైతే? ఈ చేత్తో జట్టులోకి వెళ్లేది మాత్రం ఎవరు, తనా, కెప్టెనా? ఆమె చాలాసేపు కిటికీలోంచి ఎదురింటి బట్టలు చూసింది. ఆపైన పిడి తీసి కెప్టెను అరచేతిలో పెట్టింది.

వేళ్లు ముడుచుకున్నాయి. దుప్పటి కదలడం ఆగింది.

"అయ్యో! అమ్మా, కదుపమ్మా! ఏంటక్కా అది? తీసెయ్!"

"ఇది అమ్మదే. ఊడదియ్యకు," అంది కాలర్ల అక్క. కెప్టెను కళ్లు ఆమె ఎడమచేతి మీదే ఉన్నాయి. వాటిలో కోపం లేదు. కొలత తీసుకుంటున్నట్టున్నాయి.

మర్నాడు కాలర్లు తిన్నగా వచ్చాయి. మేస్త్రీ ఒకటి ఎత్తి వెలుగులో చూసి, "దారిలోకొచ్చావక్కా," అన్నాడు.

ఎంపిక ఆదివారం పొద్దున తొమ్మిదికి. ఆమె విల్లుకు పిడే లేదు. పిడి ఉండాల్సినచోట సన్నటి ఇనుముంది, దానిమీద కాలరు గుడ్డముక్క చుట్టుకుంది.

"బోడి విల్లుతో కొడతావా?" అన్నాడు బిగింపు మామయ్య.

"ఎక్కడ ఆనాలో తెలిసింది కదా మామయ్యా. ఇక కర్రెందుకు?"

అరచేతికి సుద్ద రాసుకుని గీతమీద నిలబడింది. మెలి వస్తుందనే అనుకుంది. రాలేదు. కడ్డీ ప్రతిసారీ తిన్నగా దూకింది. పదకొండున్నరకు మామయ్య కాగితం రెండుసార్లు కూడి చూశాడు. ఆరువందల ఎనభై మూడు. జట్టులో నాలుగో పేరు ఆమెది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన మాత్రం కొట్టలేదు. ఆమె అరచేతివైపు ఓసారి చూసి, పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆమె తిన్నగా కెప్టెను ఇంటికి వెళ్లింది. కూతురు ఈసారి చెయ్యి పట్టుకోలేదు, గుమ్మంలోనే గుసగుసగా చెప్పింది.

"పొద్దున తొమ్మిదింటి నుంచి అక్కా. పిడి పట్టుకున్న చెయ్యి దానంతటదే లేచింది. గోడవైపు చాచింది, కాసేపు అలాగే ఉంది, దించింది. మళ్లీ లేచింది. మొదట సంబరపడ్డాను. తర్వాత భయమేసి పక్కనే కూర్చుని లెక్కపెట్టాను. డెబ్బై రెండు. ఆపైన నిద్రపోయింది."

కాలర్ల అక్క మంచం దాకా వెళ్లింది. ఆ గదిలో సుద్ద లేదు, ఎన్నడూ లేదు. కెప్టెను బొటనవేలి కండమీద వేలెడు వెడల్పున తెల్లటి గీత ఉంది. ఆమె తన చెయ్యి తిప్పి చూసుకుంది. సుద్ద మధ్యలో దారమంత సన్నటి మచ్చ ఉంది. కొంగుతో రుద్దింది. సుద్ద పోయింది, మచ్చ పోలేదు.

"ఎంపికయ్యావా అక్కా?"

"అయ్యాం."

ఒక్కతే వెళ్లి 'అయ్యాం' అనడమేమిటని కూతురు అడగలేదు. నిద్రపోతున్న తల్లినీ, కిటికీ వెలుగులోకి చాపిన ఆ అరచేతినీ మార్చి మార్చి చూసింది.

"పోటీ ఎప్పుడు?"

"వచ్చేనెల పదో తారీకు. పొద్దున తొమ్మిదికే."

ఆ పిల్ల మంచం పక్క క్యాలెండరు దగ్గరికి వెళ్లి, పెన్సిలుతో పదో తారీకు చుట్టూ గుండ్రంగా గీసింది.

"అయితే ఆరోజు అమ్మకి ఎనిమిదింటికల్లా స్నానం చేయించేస్తాను," అంది.