అరటిగెల నోటు మీద అవ్వ వేలు

యుద్ధంలో పరాయి దేశాన్ని పట్టుకున్న సైన్యం అక్కడ తన నోట్లు కూడా అచ్చువేసి నడిపిస్తుంది. సైన్యం వెళ్లిపోగానే ఆ నోటు చిత్తుకాగితం. పన్నెండేళ్లుగా నేను పోగుచేస్తున్నది ఆ చిత్తుకాగితాలనే. మదనపల్లెలో నా ముఖం మీదే "పనీపాటా లేదా" అన్నవాళ్లున్నారు. వాళ్లకు నేనేమన్నానో ఇక్కడ రాయను.

మొదటి నోటు మా తాతది. ఆయన మలయాలో రబ్బరు తోటలో ఉండగా జపాను సైన్యం వచ్చిపడింది, కూలి డబ్బు తాను అచ్చువేసిన నోట్లలోనే ఇచ్చింది. పది డాలర్ల నోటు, దాని మీద అరటిగెల బొమ్మ. యుద్ధం అయ్యాక తాత ఓడెక్కి ఇంటికి తెచ్చుకున్నది అదొక్కటే. ఏ అంగట్లోనూ పనికిరాదని తెలిసినా, అవ్వ ఏటా వరలక్ష్మీ వ్రతంనాడు దాన్ని పూజ పళ్లెంలో పెట్టి, పసుపు అద్దిన వేలితో ఒక మూల నొక్కేది. ఎప్పుడూ అదే మూల. ఆ వేలిముద్ర అక్కడే ముదిరి నిలిచిపోయింది. అవ్వ పోయాక అమ్మ నోటును పళ్లెంలో పెట్టేది గానీ ఆ మూల మీద తన వేలు పెట్టేది కాదు.

ఈ పిచ్చిలో నాకు తోడు పుంగనూరులో పటాలు కట్టే అంగడాయన. నోటును మునివేళ్లతో తప్ప పట్టకూడదని, మడత పడితే ఎవరూ అడగరని నేర్పింది ఆయనే. నెలకొకసారి మా మిద్దె మీద ఐదారుగురం కూడి నోట్లు మార్చుకునేవాళ్లం. ఒకాయన మార్చుకున్న మర్నాడే వెనక్కి అడిగితే, గంటసేపు వాదించి నేనే కట్టుబాటు పెట్టించాను: ఆల్బంలో పెట్టుకున్నాక వెనక్కి అడగకూడదు.

ఆరు నెలల కిందట ఆ పుంగనూరాయన మా తాత నోటును వెలుతురుకు పట్టి పెదవి విరిచాడు.

"మచ్చ ఉండాదక్కా. ఇట్లాంటిది మంచి ఆల్బంలో ఎవురు పెడతారు? ఇదే నోటు, మడత లేనిది నా దగ్గర ఉండాది. మార్చుకుంటారా?"

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "అది మచ్చ కాదప్పా. మా అత్త వేలు."

"నీకు తెలీదులేమ్మా, ఊరుకో" అన్నాను. అమ్మతో వాదించి గెలిచాను కూడా. నోటు ఇచ్చేశాను.

మొన్న కుప్పంలో ఒక కాలేజీలో పాత నోట్ల ప్రదర్శన అంటే బస్సెక్కి పోయాను. మధ్య బల్ల మీద, టేకు పటంలో, మా తాత నోటు. పసుపు మూల మీదికి చిన్న లైటు. పక్కన మా పుంగనూరాయన నిలబడి అమ్మాయిల గుంపుకు చెప్తున్నాడు.

"మా తాత రబ్బరు తోటలో చెమటోడ్చి తెచ్చినాడమ్మా. మా అవ్వ ఏటేటా పసుపు పెట్టి మొక్కినాది. ఇదో సూడండి, ఇది మా అవ్వ వేలు."

మా మిద్దె మీద, నా కాఫీ తాగుతూ నా దగ్గర విన్న మాటలు. ఒక్కటీ పొల్లుపోలేదు. నోటంటే నేనిచ్చిందే. తాతనూ అవ్వనూ ఎప్పుడిచ్చాను?

గుంపు కదలగానే పట్టుకున్నాను. "మీ అవ్వ ఎప్పుడు పెట్టిందప్పా పసుపు? నా ముఖం చూసి చెప్పు."

ఆయన ముఖం వాడిపోయింది, ఒక్క క్షణమే. "అరవద్దక్కా. కతే లేకుంటే ఈ కాగితాన్ని ఎవురు సూస్తారు?"

"కథ మా ఇంటిది. నోటు ఇచ్చెయ్. నీ మడత లేనిది తెచ్చి నీ ముఖాన కొడతా."

"ఆల్బంలో పెట్టుకున్నాక వెనక్కి అడగకూడదని చెప్పింది మీరే కదక్కా" అన్నాడు, ఎంతో మర్యాదగా.

వాదనలో ఓడడం ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలీదు. బస్సులో పుంగనూరు దాటేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను.

అమ్మకు చెప్తే తిట్టలేదు. ఆ శుక్రవారమే వ్రతం. పళ్లెంలో మడత లేని నోటు పెట్టి పసుపు గిన్నె ఆమె ముందుకు జరిపాను. అమ్మ రెండు వేళ్లతో నోటును తీసి నా చేతికిచ్చింది.

"దీనికి యాల పసుపు? ఎవురింటిదో ఏమో. నీ ఆల్బంలో పెట్టుకోపో."

పెట్టుకున్నాను. ఇంకెక్కడ పెడతాను?